పదమూడు తీగల పొత్తు

ఫ్రాన్స్ దక్షిణాన, ఆవిన్యాన్ నగరానికి ఉత్తరంగా, కుర్తెజోన్ అనే చిన్న ఊరి పొలిమేరలో షాటో ద బోకాస్టెల్ అనే ద్రాక్షతోట ఉంది. అక్కడ తయారయ్యే ఎర్ర వైన్‌లో పదమూడు రకాల ద్రాక్ష కలుస్తుంది. బుర్గండీ ప్రాంతంవాళ్ళు తమ గొప్ప ఎర్ర వైన్లకు పినో నువార్ ఒక్కటే చాలంటారు. బోర్డో ప్రాంతంలో కలుపుతారు కానీ, ఒక సీసాలో రెండు మూడు రకాలు, మహా అయితే నాలుగైదు. పదమూడంటే వినగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇన్ని కలిపాక దేని గుణమైనా నిలుస్తుందా? ఒక్కదానికి బలం చాలకే కదా ఇంతమందిని పోగేశారు? కలపనిదే స్వచ్ఛమని, కలిపారంటే ఎక్కడో ఏదో తక్కువైందని అనుకోవడం మనకు బాగా అలవాటు. రాగమైనా, వంశమైనా, భాషైనా, తిండైనా ఈ కొలబద్దే పెడతాం. ఆ కొలబద్దను పక్కన పెట్టి ఆలోచించడం నాకు ఈ తోటే నేర్పింది. అందుకే దీని గురించి తీరిగ్గా చెప్పాలనిపించింది.

ముందు ఆ వైన్ ఎలా ఉంటుందో చెప్పాలి. గ్లాసులో పోస్తే మరీ నల్లగా ఉండదు. అంచుల దగ్గర ఎరుపు, నడుమ చిక్కదనం. మొదట ముక్కుకు తగిలేది పండు వాసన కాదు. తోలు, ఎండిన మూలికలు, తడిసిన మట్టి, వీటి మధ్యలోంచి ఆలస్యంగా నేరేడు లాంటి పండు. నోట్లో నిండుగా, బరువుగా ఉంటుంది. వగరు నాలుకను పట్టుకుంటుంది కానీ గీరదు. చివర్లో మిరియపు ఘాటు సన్నగా మిగులుతుంది. సీసా తెరిచిన గంటకు ఒకలా, రెండో గంటకు ఇంకోలా ఉంటుంది. పల్చని, పళ్ళరసం లాంటి వైన్ ఆశించినవాళ్ళకు ఇది నచ్చదు. మొదటి గుక్కలోనే మంచి చేసుకునే స్వభావం దీనికి లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. సీసాలో పడిన తొలి మూడు నాలుగేళ్ళు బాగానే పలుకుతుంది. తర్వాత కొన్నేళ్ళు నోరు మూసుకుంటుంది, పండు వాసన కనబడదు, వగరు ఒక్కటే మిగులుతుంది. పదేళ్ళు దాటాక మళ్ళీ తెరుచుకుంటుంది. మధ్యలో తెరిచి, డబ్బు దండగైందని అనుకునేవాళ్ళు చాలామంది. తప్పు వైన్‌ది కాదు, వేళది.

ఇక పదమూడు రకాల సంగతి. వీటిని పేరుపేరునా తెలుసుకుంటే తప్ప ఈ పొత్తు అర్థం కాదు.

గ్రెనాష్ ఈ సీమకు పెద్దదిక్కు. ఎండను ప్రేమిస్తుంది, చక్కెర బాగా పట్టిస్తుంది, వైన్‌కు ఒళ్ళూ వెచ్చదనమూ ఇస్తుంది. కానీ తొక్క పల్చన, రంగు తక్కువ. పూత మీద ఉన్నప్పుడు చలి, వాన తగిలితే పూత రాలిపోతుంది. రసం తీశాక గాలి తగిలితే తొందరగా వాడిపోతుంది. మూర్వెద్ర్ దీనికి సరిగ్గా ఎదురు. చిన్న పండు, మందపాటి తొక్క, బోలెడు వగరు, ముదురు రంగు. అన్నిటికంటే ఆలస్యంగా పండుతుంది. తల ఎండలో ఉండాలి, పాదాలు తడిలో ఉండాలి అని దాని గురించి ఆ ప్రాంతపు రైతులు చెప్పుకుంటారు. దానికి గాలి అందకపోతే వాసన బిగుసుకుపోయి ముక్కును ఇబ్బంది పెడుతుంది. అంటే ఒకదానికి గాలి శత్రువు, ఇంకోదానికి గాలి ప్రాణం. రెండింటినీ కలిపితే మూర్వెద్ర్ గ్రెనాష్‌ను వాడిపోనివ్వదు, గ్రెనాష్ మూర్వెద్ర్ బిర్రును సడలిస్తుంది. ఈ రెండింటి స్నేహం ఒక్కటే చాలు, కలపడం అంటే లోపాన్ని కప్పడం కాదని ఒప్పుకోవడానికి. ఒకదాని లోటు దగ్గరే ఇంకోదానికి చోటు దొరికింది.

సిరా రోన్ నది ఎగువన, ఎర్మితాజ్ కొండల మీద రాజ్యమేలే రకం. ఇక్కడ మాత్రం పదిమందిలో ఒకటి, రంగూ ఘాటూ ఇచ్చి తప్పుకుంటుంది. సాన్సో మెత్తదనం ఇస్తుంది. కునువాజ్‌కు రంగు అంతంత మాత్రమే, కానీ దానిలో పులుపు బతికి ఉంటుంది, మిరియం వాసన ఉంటుంది. ఇక వకరేజ్, ముస్కర్దాన్, తెరే నువార్. వైన్ తాగేవాళ్ళలో కూడా ఈ పేర్లు తెలిసినవాళ్ళు తక్కువ. ఇవి కాక తెల్ల ద్రాక్ష ఐదు రకాలు: క్లెరెట్, బుర్బులాంక్, రూసాన్, పిక్‌పూల్, పికర్దాన్. ఎర్ర వైన్‌లో తెల్ల ద్రాక్ష ఏమిటని అడగొచ్చు. బరువుగా ఉన్నదానికి కాస్త వెలుతురు కావాలి, అందుకు.

బోకాస్టెల్ ఎర్ర వైన్‌లో గ్రెనాష్, మూర్వెద్ర్ చెరో 30 శాతం దాకా ఉంటాయి. సిరా, కునువాజ్ చెరో 10 శాతం దాకా. మిగతా అయిదో వంతులో తొమ్మిది రకాలు సర్దుకుంటాయి. ఏడాదిని బట్టి ఈ లెక్క అటూ ఇటూ మారుతుంది. చుట్టుపక్కల పరిస్థితి వేరు. ఈ సీమ మొత్తం పేరు షాటోనఫ్ దు పాప్, అందులో నాలుగింట మూడు వంతుల నేల మీద ఉన్నది గ్రెనాష్ ఒక్కటే. పదమూడు రకాలు వాడుకోవచ్చని చట్టం అనుమతించింది, వాడి తీరాలని చెప్పలేదు. అందుకని చాలామంది ఒకటి రెండింటికి, మహా అయితే మూడింటికి కుదించుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. చిన్న రకాలకు వేరే తొట్టి, వేరే కోత, వేరే లెక్క కావాలి. ముస్కర్దాన్ వైన్ అని సీసా మీద రాస్తే కొనేవాడు లేడు. అయినా ఆ తీగలను పీకేయకుండా తరాల తరబడి సాకిన ఇల్లు ఇది. నన్ను ఈ తోట వైపు లాగింది అక్కడి వైన్ రుచి కంటే ముందు ఆ మొండితనం.

నేల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆ తోటలోకి అడుగుపెట్టినప్పుడు నేను మొదట వెతికింది మట్టిని. కనబడలేదు. సాళ్ళ మధ్య అంతా గుండ్రటి రాళ్ళే. ఫ్రెంచివాళ్ళు గాలే అంటారు. కొన్ని పిడికిలంత, కొన్ని రెండు చేతులా ఎత్తాల్సినంత. లేత గోధుమరంగు, తుప్పు రంగు, మీద గరుకు లేదు. సాయంత్రం పొద్దువాలాక ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పైభాగం ఇంకా వెచ్చగా ఉంది, నేలకు ఆనిన వైపు చల్లగా ఉంది. ఒకప్పుడు రోన్ నది ఆల్ప్స్ కొండల నుంచి దొర్లించుకుంటూ తెచ్చి పరిచిన రాళ్ళివి. వీటి కింద బంకమట్టి, సున్నం, ఇసుక ఉంటాయి. అంతకుముందు ఎప్పుడో అక్కడ సముద్రం ఉండేది, ఆ ఇసుక దానిదే. రాళ్ళు పగటి వేడిని దాచి రాత్రి తీగలకు అందిస్తాయని అందరూ చెబుతారు. అది నిజమే కానీ, అంత ఎండలో తీగలకు అదనపు వేడి కంటే ఎక్కువ అవసరమైనది, రాళ్ళ నీడన ఆవిరి కాకుండా నిలిచే తడి అని నాకనిపించింది. ఎత్తిన రాయి కింద మట్టి నల్లగా, వేలికి అంటుకునేలా ఉంది.

ఉత్తరం నుంచి మిస్త్రాల్ గాలి వీస్తుంది. వీచిందంటే రోజుల తరబడి వీస్తుంది, లేత కొమ్మలను విరిచేస్తుంది. అందుకే అక్కడ గ్రెనాష్ తీగలను పందిరి ఎక్కించరు. పొట్టి మోడులా, నేలకు దగ్గరగా, పొదలా పెంచుతారు. అదే గాలి వాన వెలిసిన కొద్దిసేపటికే ఆకులను ఆరబెట్టి బూజును రానివ్వదు. మందు పిచికారీ చేయాల్సిన పని సగం ఈ గాలే చేసిపెడుతుంది.

షాటోనఫ్ దు పాప్ అన్న ఊరి పేరులో ఉన్న పోపు సంగతి చాలామందికి తెలిసిందే. 1309లో అయిదో క్లెమెంట్ పోపు రోమ్ కాదని ఆవిన్యాన్‌లో కాపురం పెట్టాడు. తర్వాత వచ్చిన ఇరవై రెండో జాన్ ఈ ఊరి గుట్ట మీద వేసవి కోట కట్టించాడు. షాటోనఫ్ అంటే కొత్త కోట అని అర్థం, కానీ ఆ పేరు ఈ కోట కంటే పాతది. పోపుల కోట ఇప్పుడు ఒక బురుజుగా, అందులోనూ సగంగా మిగిలింది. 1944లో వెనక్కి మళ్ళుతున్న జర్మన్ సైన్యం దాన్ని పేల్చేసింది. కోట పోయింది, పేరు సీసాల మీదికి ఎక్కి బతికింది.

బోకాస్టెల్ చరిత్ర ఆ కోట కంటే చిన్నది, కానీ తెగకుండా సాగింది. 1549లో పియర్ ద బోకాస్టెల్ అనే ఆయన కుదులే అనే చోట ఒక కొట్టాన్ని, దానికి ఆనుకుని ఉన్న భూమిని కొన్నాడు. ఆ ఇంట్లోవాళ్ళు ప్రొటెస్టెంట్లు. 1685లో పద్నాలుగో లూయీ రాజు ప్రొటెస్టెంట్లకు ఉన్న మతస్వేచ్ఛను రద్దు చేశాడు. ఆ తర్వాత ఆ వంశంలోనే ఇంకో పియర్ క్యాథలిక్ మతంలోకి మారగా, 1687లో రాజు అతనికి కుర్తెజోన్ నగర కెప్టెన్ పదవి ఇచ్చాడు. ఏ భయంతో మారాడో, ఏ ఆశతో మారాడో మనకెవరికీ తెలియదు. భూమి మాత్రం చేతిలో నిలిచింది. లక్షల మంది దేశం విడిచి పారిపోయిన కాలం అది. వంశచిహ్నం చెక్కిన రాయి ఆ ఇంటి గోడలో ఇప్పటికీ ఉంది.

అసలు ప్రళయం ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు వచ్చింది, రాజు నుంచి కాదు, పేను నుంచి. 1863 ప్రాంతంలో రోన్ నదికి అవతలి ఒడ్డున, పుజో అనే ఊళ్ళో ద్రాక్షతీగలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. ఆకులు ఎర్రబారడం, రాలడం, రెండో ఏటికో మూడో ఏటికో తీగ చావడం. చచ్చిన తీగను పీకి చూస్తే వేళ్ళు కుళ్ళి ఉండేవి, పురుగు జాడ కనబడేది కాదు. 1868లో మాంపెలియేకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషాన్, ఇంకో ఇద్దరూ కలిసి తోటల్లో తవ్వుతూ వెళ్ళారు. వాళ్ళు చచ్చిన తీగల దగ్గర ఆగకుండా, పక్కన ఇంకా పచ్చగా కనబడుతున్న తీగల వేళ్ళు తవ్వి భూతద్దంతో చూశారు. పసుపు రంగు పేలు గుంపులు గుంపులుగా వేళ్ళను పీలుస్తూ కనబడ్డాయి. తీగ చావగానే ఆ పేను వదిలేసి పక్కదానికి పోతుంది. అందుకే చచ్చినదాన్ని ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఆ ఒక్క ఆలోచన, బాగున్నదాన్ని తవ్వి చూడటం, ఎంత గొప్ప ఆలోచనో తలచుకున్న ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

పేరు ఫిలోక్సెరా. అమెరికా నుంచి తెచ్చిన తీగలతో ఓడెక్కి వచ్చింది. మందు కూడా అక్కడినుంచే రావలసి వచ్చింది. అమెరికా అడవి ద్రాక్ష వేళ్ళకు ఆ పేనును తట్టుకునే శక్తి ఉంది. దాని వేరు మీద ఫ్రెంచి తీగను అంటు కట్టడం తప్ప దారి లేకపోయింది. మామిడి అంటు తెలిసిన మన రైతుకు ఇందులో వింతేమీ కనబడదు. ఫ్రెంచి రైతులకు మాత్రం అది పెద్ద అవమానంగా తోచింది. కొన్నేళ్ళపాటు తగవులు జరిగాయి. పరదేశపు వేరు మీద పెరిగిన తీగ తమ వైన్ ఇవ్వదని చాలామంది నిజాయితీగానే నమ్మారు. ఆఖరికి అంటు కట్టడమే గెలిచింది. స్వచ్ఛత గురించి ఇంత మాట్లాడే ఫ్రెంచి వైన్ ప్రపంచమంతా ఇవాళ దాదాపుగా అమెరికా వేళ్ళ మీద నిలబడి ఉంది. ఏ తోటకు వెళ్ళినా నేను తీగ మొదలు దగ్గర వంగి చూస్తాను. అంటు కట్టిన చోట బెరడు ఉబ్బి, ముడిలా ఉంటుంది. పైన ఒక దేశం, కింద ఒక దేశం.

బోకాస్టెల్‌లో తీగలు పోయి, నేల పాడుబడింది. 1909లో పియర్ త్రామియే అనే ఆయన ఆ ఆస్తిని కొన్నాడు. ఆయన అల్లుడు పియర్ పెరాన్ తోటను పెంచాడు. అల్లుడి కొడుకు జాక్ పెరాన్ దాన్ని ఇప్పుడున్న దారిలో పెట్టాడు. ఇవాళ్టికీ ఆ కుటుంబానిదే.

పేను దెబ్బ తర్వాత ఆ సీమ రైతులందరి ముందూ ఒకే ప్రశ్న నిలిచింది: ఎలాగూ అంతా కొత్తగా నాటాలి, ఏం నాటాలి? ఎక్కువ కాసేవి నాటితే తొందరగా అప్పులు తీరుతాయి. చాలామంది అదే చేశారు. ఇంకోపక్క, ఎక్కడివో రసాలు తెచ్చి ఈ ఊరి పేరు పెట్టి అమ్మే వ్యాపారులు పెరిగారు. 1923లో ఊరి రైతులు కొందరు షాటో ఫోర్తియా యజమాని బారన్ ల రువా దగ్గరికి వెళ్ళారు. ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు. రైతులంతా కూర్చుని తమకు తామే నియమాలు రాసుకున్నారు. ఏ నేల ఈ పేరుకు తగినదో ఎలా తేల్చాలి? లావెండర్, థైమ్ మొక్కలు రెండూ మొలిచే బీడు నేల అయితేనే అన్నారు. అంటే నీళ్ళు నిలవని, సారం తక్కువైన, ఇంకే పంటకూ పనికిరాని నేల. వైన్‌లో ఆల్కహాలు కనీసం 12.5 శాతం ఉండాలి, అదీ పండులోని చక్కెర నుంచే రావాలి. కోసిన పంటలో కనీసం ఇరవయ్యో వంతు ఏరి పారేయాలి. తర్వాత దిగుబడికీ హద్దు వచ్చింది, హెక్టారుకు 35 హెక్టోలీటర్లు, మన లెక్కలో ఎకరానికి సుమారు 1400 లీటర్లు. తమ రాబడిని తామే కోసుకునే నియమం పెట్టుకున్న రైతుల గురించి చదివితే గౌరవం కలుగుతుంది. కోర్టుల్లో పదేళ్ళు పోరాడారు. 1936లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఊరి పేరును వైన్ పేరుగా గుర్తించి రక్షణ ఇచ్చినప్పుడు ఆ గౌరవం దక్కిన మొదటివాటిలో షాటోనఫ్ దు పాప్ ఒకటి. ఇవాళ ప్రపంచంలో ఊరి పేరుకు చట్టం కాపలా కాస్తున్న చాలా పంటలు ఆ రైతులకు ఎంతోకొంత బాకీ ఉన్నాయి.

పదమూడు రకాల జాబితా ఆ నియమాల్లోంచే వచ్చింది. ఊళ్ళో ఎవరి తోటలో ఏముందో అవన్నీ చేర్చినట్టుంటుంది ఆ జాబితా. ఒక్క రకాన్ని పట్టుకుని ఇదే అసలైనది అనకుండా, ఉన్నవాటన్నిటికీ చోటిచ్చారు. ఆ రోజుల్లో అలా ఇవ్వడానికి మంచి కారణమే ఉంది. పూత మీద చలి కొడితే గ్రెనాష్ పోతుంది, మిగతావి నిలుస్తాయి. సెప్టెంబరు చివర వాన పడితే ఆలస్యంగా పండే మూర్వెద్ర్ దెబ్బతింటుంది, ముందే కోసిన సిరా ఇంటికి చేరి ఉంటుంది. అనంతపురం మెట్టచేలలో వేరుశెనగ మధ్య కంది సాళ్ళు, అలసంద, ఆముదం వేసే రైతు లెక్క కూడా ఇదే. వాన ఏ నెలలో మొహం చాటేస్తుందో తెలియని చోట అన్నీ ఒకేసారి పోకుండా చూసుకోవడమే సేద్యం. పొత్తులో అందం తర్వాత కనబడింది. ముందున్నది బతుకు.

జాక్ పెరాన్ ఆ బతుకు లెక్కను రుచి లెక్కగా మార్చాడు. మూర్వెద్ర్‌ను ఎవరూ అంతగా పట్టించుకోని రోజుల్లో విరివిగా నాటాడు, కునువాజ్‌ను పెంచాడు. 1950 నుంచి తోటలో రసాయన ఎరువులు, మందులు ఆపేశారు. రసాయనాలే ప్రగతి అని అందరూ నమ్మిన కాలం అది. 1974లో జీవగతిశీల (బయోడైనమిక్) సేద్యానికి మారారు. సల్ఫర్ తక్కువ వాడేందుకు వాళ్ళకు ఇంకో పద్ధతి ఉంది. కోసిన పండ్ల తొక్కలను కొద్దిసేపు 80 డిగ్రీల దాకా వేడిచేసి వెంటనే చల్లారుస్తారు. గాలి తగిలితే రసాన్ని పాడుచేసే ఎంజైములు ఆ వేడికి చస్తాయి, తొక్కలో రంగు బయటికొస్తుంది. ఇది వినగానే సంప్రదాయవాదులు నొచ్చుకుంటారు. నాకు మాత్రం ఇది కూడా ఆ ఇంటి మొండితనంలో భాగంగానే కనబడింది. 1978లో జాక్ చనిపోయాక కొడుకులు జాన్ పియర్, ఫ్రాన్స్వా నడిపారు. తండ్రి పేరు మీద 1989లో మొదటిసారి తీసిన ప్రత్యేక వైన్‌లో ఎక్కువ భాగం ఆయన ప్రేమించిన మూర్వెద్రే.

కలపడం ఎలా జరుగుతుందో చెబితే, దీన్ని పదమూడు బుట్టలు ఒక తొట్టిలో గుమ్మరించడం అనుకునే పొరపాటు పోతుంది. ప్రతి రకాన్నీ అది పండిన రోజునే విడిగా కోస్తారు. సిరా సెప్టెంబరు మొదట్లో, మూర్వెద్ర్ అక్టోబరు దాకా. విడిగానే పులియబెడతారు. గాలి పడని గ్రెనాష్‌ను పలకలు తాపిన సిమెంటు తొట్లలో, గాలి కావలసిన మూర్వెద్ర్, సిరాలను చెక్క తొట్లలో. అంటే కలిసే ముందు ఒక్కోదాన్ని దాని స్వభావం ప్రకారం పెరగనిస్తారు. చలికాలం దాటాక కుటుంబమంతా ఒకచోట చేరి రుచి చూసి పాళ్ళు తేలుస్తారు. తర్వాత వేల లీటర్లు పట్టే పెద్ద పాత చెక్క పీపాల్లో దాదాపు ఏడాది ఉంచుతారు. చిన్న కొత్త పీపాలైతే చెక్క వాసన పైకి తేలుతుంది, ఇక్కడ అది వద్దు. సీసాల్లో నింపాక ఇంకో ఏడాది తమ దగ్గరే ఉంచుకుని అప్పుడు బయటికి పంపుతారు. ఇంత చేశాక కూడా గ్లాసులో ఇది వకరేజ్, ఇది తెరే నువార్ అని వేలు పెట్టి చూపించడం ఎవరి వల్లా కాదు. లేకపోతే మాత్రం తెలుస్తుందని రుచి చూసేవాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పింది నేను నమ్ముతాను.

ఈ వాదనకు ఎదురుగా అదే సీమలో ఒక గట్టి సాక్ష్యం ఉంది, దాన్ని దాటవేయకూడదు. షాటో రాయాస్. అక్కడి ఎర్ర వైన్ గ్రెనాష్ ఒక్కదానితోనే తయారవుతుంది, ఆ సీమలో చాలామంది దాన్నే అన్నిటికంటే పైన పెడతారు. అది అబద్ధమని నేను అనను. రాయాస్‌లో గుండ్రటి రాళ్ళు లేవు, చల్లటి ఇసుక నేల, చుట్టూ అడవి చెట్లు. ఆ నేల మీద గ్రెనాష్‌కు వేరొకరి తోడు అక్కర్లేకపోయింది. బోకాస్టెల్ వాళ్ళు కూడా ముసలి రూసాన్ తీగల నుంచి ఆ ఒక్క రకంతోనే ఒక తెల్ల వైన్ తీస్తారు, అది అద్భుతమైన వైన్. కాబట్టి ఒంటరిది తక్కువ, కలిసింది ఎక్కువ అని చెప్పడానికి లేదు. నేను చెప్పేది ఇంకోటి. ఒంటరిగా నిలబడగలిగిన రకాలకు లోకంలో ఎప్పుడూ దిక్కు ఉంటుంది. గ్రెనాష్‌కు, సిరాకు ఎవరూ కాపలా కాయనక్కర్లేదు. ముస్కర్దాన్ బతకాలంటే మాత్రం పొత్తు కావాలి. దానికి చోటిచ్చే సీసా ఒకటి ఉంటేనే దానికి పొలంలో ఒక సాలు ఉంటుంది. సీసా వద్దనుకున్న మరుసటి ఏడు సాలు పోతుంది, ఇంకో యాభై ఏళ్ళకు పేరు పోతుంది.

చిన్న రకాలను ఎందుకు సాకుతున్నారో పాత తరాలవాళ్ళకు పూర్తిగా తెలిసి ఉండదు. తాత నాటాడు, ఉంది, ఉండనిద్దాం అనుకుని ఉంటారు. ఇప్పుడు ఎండలు ముదిరాయి. 2003 వేసవిలో యూరప్ అంతా ఉడికిపోయింది, ఆ తర్వాత అలాంటి వేసవులు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. గ్రెనాష్ చక్కెర మీద చక్కెర పట్టించి, ఆల్కహాలును 15 శాతం దాకా, కొన్నేళ్ళు అంతకు పైకి లాగుతోంది. కనీసం 12.5 ఉండాలని నియమం రాసుకున్నవాళ్ళకు ఎక్కువైపోవడం ఒక సమస్య అవుతుందన్న ఊహే వచ్చి ఉండదు. ఇప్పుడు కావలసింది ఎండలోనూ పులుపు నిలుపుకునేది, చక్కెర మెల్లగా పట్టించేది. కునువాజ్, వకరేజ్, తెరే నువార్, ముస్కర్దాన్, పికర్దాన్ అలాంటివే. ఒకప్పుడు పల్చన, రంగు లేదు, పులుపెక్కువ అని పీకేసినవాటి కోసం ఇప్పుడు ఆ సీమ రైతులు మళ్ళీ వెతుకుతున్నారు. వెతికితే దొరకడానికి ఎక్కడో ఒకచోట అవి బతికి ఉండాలి కదా. బోకాస్టెల్ లాంటి కొన్ని తోటల్లో ఉన్నాయి.

అక్కడినుంచి అమెరికాకూ వెళ్ళాయి. పెరాన్ కుటుంబం, వాళ్ళ వైన్‌ను అమెరికాలో అమ్మే రాబర్ట్ హాస్ కలిసి 1989లో కాలిఫోర్నియాలోని పాసో రోబ్లెస్ దగ్గర టాబ్లస్ క్రీక్ అనే తోట మొదలుపెట్టారు. అక్కడ దొరికే మొక్కలతో సరిపెట్టుకోకుండా బోకాస్టెల్ తీగల నుంచి కొమ్మలు కోసి పంపారు. ఆ కొమ్మలను అమెరికా ప్రభుత్వం మూడేళ్ళు విడిగా ఉంచి, తెగుళ్ళేమీ లేవని తేల్చుకుని అప్పుడు వదిలింది. ఒకప్పుడు ఇలాంటి పరీక్ష లేకుండా ఓడెక్కిన తీగలే కదా ఫ్రాన్స్‌ను ఎండగట్టింది. విడుదలైన కొమ్మలను అమెరికా వేళ్ళ మీదే అంటు కట్టి, మొదట గ్రెనాష్, మూర్వెద్ర్, సిరా, కునువాజ్, రూసాన్ లాంటివి నాటారు. మిగతావి ఒక్కొక్కటే వచ్చి చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. పదమూడింటిలో ఆఖరుగా చేరింది ముస్కర్దాన్. ఫ్రాన్స్ బయట దాన్ని నాటి పెంచే చోటు ఇంకోటి ఉందని నేను వినలేదు. దాన్ని ఒంటరిగా, ఏదీ కలపకుండా ఒక్కసారి రుచి చూడాలని నాకు చాలా కోరిక. ఇన్నేళ్ళు పదమూడో వంతు కూడా కాని పాలుతో, ఎవరికీ కనబడకుండా, అది ఆ సీసాలో ఏం పనిచేస్తూ వచ్చిందో తెలుసుకోవాలి.